అచ్చు గుద్దినట్టు: నడవడి చెడిన రబ్బరు బొమ్మలు

సభకు నమస్కారం. రంగస్థల కళలు చదువుకుంటున్న మీ ముందు బొమ్మలాట గురించి ప్రసంగించమన్నప్పుడు, తోలుబొమ్మలాట మీద మాట్లాడతానని మీలో చాలామంది అనుకొని ఉంటారు. ఈ రోజు నేను చెప్పబోయేది దానికి దూరపు చుట్టమైన మరొక ఆట గురించి. బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్ కోసం సెంట్రల్ టెలివిజన్ సంస్థ తీసిన 'స్పిటింగ్ ఇమేజ్' అనే హాస్య కార్యక్రమం 1984 ఫిబ్రవరి 26న మొదలై, 1996 ఫిబ్రవరి దాకా, 18 విడతలుగా, ఆదివారం రాత్రులు ప్రసారమైంది. అందులో కనిపించే రాణి, ప్రధానమంత్రి, మంత్రులు, ప్రతిపక్ష నాయకులు, అమెరికా అధ్యక్షుడు, పోపు, పాటగాళ్ళు, ఆటగాళ్ళు అందరూ రబ్బరు బొమ్మలే. ఆ బొమ్మలు తాగేవి, తిట్టుకునేవి, కొట్టుకునేవి, నలుగురిలో చేయకూడని పనులన్నీ నలుగురి ముందే చేసేవి. బొమ్మలాట అనగానే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టే అలవాటున్న దేశంలో, పిల్లలు నిద్రపోయాక పెద్దలు చూసే బొమ్మలాటగా దాన్ని ఉద్దేశపూర్వకంగానే తయారుచేశారు. జోరుగా నడిచిన రోజుల్లో దాదాపు కోటిన్నర మంది దాన్ని చూసేవారు.

ముందుగా పేరు గురించి ఒక మాట. 'స్పిటింగ్ ఇమేజ్' అనే ఇంగ్లీషు నుడికారానికి మన భాషలో సరిగ్గా సరిపోయేది 'అచ్చు గుద్దినట్టు' అన్న మాట. తండ్రి పోలిక కొడుకులో దిగినప్పుడు మన ఇళ్ళలో అనేది అదే. ఇంగ్లీషు మాటలో ఉమ్మి ఉంది, మన మాటలో అచ్చు ఉంది, ఆ కార్యక్రమంలో రెండూ ఉన్నాయి. ఆ బొమ్మలు నిజంగానే అచ్చులో పోసి తీసినవి. లేబర్ పార్టీ ఉపనాయకుడు రాయ్ హాటర్స్‌లీ బొమ్మ నోరు విప్పితే ఎదుటివారి మీద తుంపర్లు పడేవి.

ఈ కార్యక్రమం గురించి మాట్లాడేవారు ఎక్కువగా ఆ ముఖాల గురించే మాట్లాడతారు. పెద్ద ముక్కులు, వేలాడే బుగ్గలు, బయటకు పొడుచుకొచ్చిన కళ్ళు గుర్తుచేసుకుంటారు. నా అభిప్రాయం వేరు. వికారమైన ముఖం మొదటి వారం నవ్విస్తుంది, మూడో వారానికి అలవాటైపోతుంది. పన్నెండేళ్ళపాటు ఆ ఆటను నిలబెట్టింది బొమ్మల నడవడి. ఎవరు ఎవరి ముందు వంగుతున్నారు, ఎవరు ఎవరి మాట మధ్యలో అందుకుంటున్నారు, ఎవరు ఎవరి జేబులో కూర్చున్నారు అన్నవే ఆ ఆటకు ప్రాణం. ఒక రాజకీయ నాయకుణ్ణి ఆ బొమ్మ దెబ్బతీసిందా, లేక తెలియకుండానే పైకెత్తిందా అన్నది తేల్చినది కూడా ముఖం కాదు, నడవడే. ఈ గంటలో మీకు చూపించాలనుకుంటున్నది అదే.

బొమ్మ నడవడి చెడటం మనకు కొత్త సంగతి కాదు. నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి ఊళ్ళో రామాయణం ఆడినప్పుడు, లక్ష్మణమూర్ఛ దాకా మేలుకొని ఉండలేక చాప మీద నిద్రపోయేవాణ్ణి. బంగారక్క తెర మీదికి రాగానే ఎవరో ఒకరు తట్టి లేపేవారు. బంగారక్క, ఆమె భర్త జుట్టు పోలిగాడు, మధ్యలో దూరే కేతిగాడు ఆడే మాటలు ఇప్పుడు ఈ వేదిక మీద నేను చెప్పలేను. పగటిపూట ఆ మాటల్లో ఒక్కటి ఎవరైనా అంటే రచ్చబండ దగ్గర పంచాయితీ జరిగేది. రాత్రి, దీపం ముందు, మేకతోలు మీద రంగులు వేసిన బొమ్మ అదే మాట అంటే, కొంగు అడ్డం పెట్టుకొని పెద్దవాళ్ళంతా నవ్వేవారు. అయితే ఆ తెర మీద ఒక కట్టుబాటు ఉండేది. రాముడు, సీత, చివరకు రావణుడు కూడా ఎన్నడూ అసభ్యంగా ప్రవర్తించరు. అల్లరి చేసే హక్కు హాస్యగాళ్ళకే ఉంటుంది. రాజులు కథ నడుపుతారు, కథకు కథకు మధ్య కేతిగాడు దూరుతాడు. 'స్పిటింగ్ ఇమేజ్' చేసిన పని ఒక్కమాటలో చెప్పాలంటే, రాజులను తెర మీదనుంచి దించి, వాళ్ళ ముఖాలను కేతిగాడికి తగిలించింది. ఆ ఆటలో కథ నడిపే మర్యాదస్థులు లేరు. ప్రధానమంత్రే జుట్టు పోలిగాడు.

బ్రిటన్‌లోనూ దీనికి పాత మూలాలు ఉన్నాయి. 1662 మే 9న శామ్యూల్ పీప్స్ అనే లండన్ ఉద్యోగి కోవెంట్ గార్డెన్‌లో ఇటలీ నుంచి వచ్చిన ఒక బొమ్మలాట చూశానని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ ఆటలోంచే అక్కడి 'పంచ్' పుట్టుకొచ్చాడు. పెళ్ళాన్ని కొడతాడు, పోలీసును కొడతాడు, ఉరి తీయడానికి వచ్చిన తలారిని మాయచేసి అతని మెడకే ఉచ్చు తగిలిస్తాడు. సముద్రతీరాల్లో పిల్లలు ఇప్పటికీ చూసి నవ్వే ఆట అది. మరోవైపు గిల్రే వంటి చిత్రకారులు పద్దెనిమిదో శతాబ్దంలోనే రాజులను, మంత్రులను అతి కఠినంగా గీసిన వ్యంగ్య చిత్రాల సంప్రదాయం ఉంది. కాగితం మీద అంత స్వేచ్ఛ ఉన్న ఆ దేశంలోనే, నాటకశాల మీద మాత్రం 1968 దాకా రాజాస్థానపు అధికారి అనుమతి ఉంటేగాని ఏ నాటకమూ ఆడకూడదన్న చట్టం ఉండేది. ఆ చట్టం పోయిన పదహారేళ్ళకు రాణిగారి బొమ్మ టెలివిజన్‌లో కనిపించింది. అది కూడా మొదటి వారం కాదు. సెంట్రల్ సంస్థ కొత్త స్టూడియోను ప్రారంభించడానికి రాణిగారి భర్త ఆ రోజుల్లోనే రావలసి ఉండటంతో, మర్యాద కోసం మొదటి భాగంలోంచి రాజకుటుంబపు దృశ్యాలను తీసివేశారు.

ఆ బొమ్మలను చేసినవారు పీటర్ ఫ్లక్, రోజర్ లా అనే ఇద్దరు. కేంబ్రిడ్జ్ కళాశాలలో కలిసి చదువుకున్నారు. పత్రికల కోసం మట్టితో నాయకుల తలలు చేసి, వాటిని ఫొటో తీసి ఇచ్చేవారు. వీటిని కదిలించి టెలివిజన్‌లో ఆడించవచ్చు కదా అన్న ఆలోచన మార్టిన్ లాంబీ నైర్న్ అనే రూపకర్తది. ఒక మధ్యాహ్న భోజనం దగ్గర ఆ మాట అన్నందుకు, కార్యక్రమం చివర పేర్లు వచ్చేటప్పుడు ఆ భోజనానికి కూడా కృతజ్ఞత చెప్పుకునేవారు. అప్పటికే బీబీసీలో వ్యంగ్య కార్యక్రమాలు తీసి పేరు తెచ్చుకున్న జాన్ లాయిడ్ నిర్మాతగా వచ్చి చేరాడు.

చేసే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, మీలో బొమ్మలు చేసేవారికి ఉపయోగపడుతుంది. ముందు మట్టితో తల మలుస్తారు. దాని మీద ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ఆ అచ్చులో లేటెక్స్ నురుగు పోసి వేడిచేస్తే మెత్తటి రబ్బరు తల వస్తుంది. దానికి రంగు వేసి, జుట్టు అతికించి, కళ్ళు అమర్చుతారు. కళ్ళు, రెప్పలు కదపడానికి సన్నటి తీగలు ఉంటాయి. సాధారణంగా ఒక బొమ్మకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరి చేయి తల లోపల నోటిని ఆడిస్తుంటే, రెండోవారు మిగిలిన చేతి సంగతి, కళ్ళ సంగతి చూసుకుంటారు. బొమ్మల చేతులు నిజానికి ఆ మనుషుల చేతులే. గొంతులు వేరేవారివి, ముందే రికార్డు చేసి ఉంచేవారు, ఆ మాటలకు తగ్గట్టు బొమ్మను ఆడించేవారు. అంటే రచయిత, మట్టి మలిచినవాడు, గొంతు ఇచ్చినవాడు, ఆడించిన ఇద్దరు, ఇంతమంది కలిస్తే ఒక మంత్రి తయారయ్యేవాడు. ఆ వారపు వార్తలు అందుకోవడం కోసం చివరి దృశ్యాలను ప్రసారానికి కొద్దిగా ముందు చిత్రించేవారు. చెమటలు కక్కే పని అది. బొమ్మ పెడసరంగా కనబడాలంటే, దాన్ని ఆడించేవారు ఎంత క్రమశిక్షణతో ఉండాలో ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ ఒక వంశవృక్షపు సంగతి చెప్పాలి. ప్రపంచమంతా పిల్లలకూ పెద్దలకూ ముద్దైన 'మపెట్' బొమ్మల కార్యక్రమాన్ని 1976 నుంచి 1981 దాకా లండన్ దగ్గర ఎల్స్‌ట్రీలో తీసినది ఏటీవీ అనే సంస్థ. ఆ సంస్థే 1982లో సెంట్రల్ టెలివిజన్‌గా మారింది. మపెట్లలో చేయి తిరిగిన లూయీస్ గోల్డ్ వంటి కళాకారులు తరువాత ఈ అల్లరి బొమ్మలను ఆడించారు. పిల్లలను లాలించిన వేళ్ళే ప్రధానమంత్రి బొమ్మ చేత చుట్ట కాల్పించాయి. నేర్పు ఒకటే, దాన్ని పెట్టిన పని వేరు.

ఇప్పుడు అప్పటి ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ బొమ్మ దగ్గరికి వద్దాం. కార్యక్రమం మొదలైన వారం పది రోజుల్లోనే, 1984 మార్చిలో, బ్రిటన్ బొగ్గుగని కార్మికుల సమ్మె మొదలై ఏడాదిపాటు సాగింది. దేశంలో ముప్పై లక్షల మందికి పైగా నిరుద్యోగులు ఉన్న కాలం అది. ఆ కోపమంతా ఆ బొమ్మలోకి వచ్చింది. థాచర్‌కు మగవాళ్ళ సూటు, టై తొడిగారు, చేతిలో చుట్ట పెట్టారు, మగవాళ్ళ మరుగుదొడ్డిలో నిలబెట్టారు. గొంతు ఇచ్చినది స్టీవ్ నాలన్ అనే పురుషుడు. పక్కింట్లో పదవీ విరమణ చేసి తోటపని చేసుకుంటున్న ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన్ను చూడగానే హిట్లర్ అని గుర్తుపట్టవచ్చు. ఆ ముసలాయన ఇచ్చే సలహాలు ఆమెకు నచ్చుతుండేవి.

ఆ బొమ్మ ఆడిన దృశ్యాల్లో ఎక్కువ మందికి గుర్తున్నది ఒక భోజనశాల దృశ్యం. బల్ల చుట్టూ మంత్రివర్గం కూర్చుంది. వడ్డించే మనిషి వచ్చి ఏం కావాలని అడిగితే థాచర్ మాంసం చెబుతుంది, పచ్చిదే తెమ్మంటుంది. మరి కూరగాయల సంగతేమిటని అడిగితే, తన మంత్రుల వైపు చూసి, వాళ్ళకూ నాకు తెచ్చిందే తెమ్మంటుంది. ఇంగ్లీషులో కూరగాయ అన్న మాటను బుద్ధి పనిచేయని మనిషికి కూడా వాడతారు. మనం ఒకణ్ణి ముద్దపప్పు అన్నట్టన్నమాట.

ఈ దృశ్యాన్ని థాచర్ మీద దెబ్బగా చాలామంది చెప్పుకుంటారు. కానీ నడవడిని చూడండి. ఆ బల్ల దగ్గర ఆకలి ఉన్నది, మాట ఉన్నది, నిర్ణయం ఉన్నది ఒక్కరికే. చుట్టూ ఉన్నవాళ్ళు నోరు కూడా మెదపరు. ఆ దృశ్యం చూసిన ఓటరు మనసులో మిగిలేది క్రూరత్వం కంటే బలం. ఆమెకు మగవాడి సూటు తొడిగి అవమానించామని బొమ్మలు చేసినవారు అనుకొని ఉండవచ్చు. ఆ కాలంలో అధికారానికి గుర్తు ఆ సూటే. 1987 జూన్ 11న ఎన్నికల పోలింగు ముగిసిన రాత్రి ప్రత్యేక భాగం ప్రసారం చేశారు, నాజీల కాలాన్ని గుర్తుచేసే పాటతో దాన్ని ముగించారు. ఆ రాత్రే థాచర్ మూడోసారి గెలిచింది. ఆమెను ఆ కార్యక్రమమే గెలిపించిందని నేను అనను, అటువంటి లెక్క ఎవరూ తేల్చలేరు. ఆమె శత్రువులు ప్రతి ఆదివారమూ ఆమెను దేశంలోకెల్లా అతి బలవంతురాలిగా చూపించారని మాత్రం అంటాను. పైగా మంత్రుల విషయంలో ఆ దృశ్యం చివరకు తప్పని తేలింది. 1990 నవంబరులో ఆ ముద్దపప్పులే ఒక్కొక్కరుగా ఆమె గదిలోకి వెళ్ళి, మీరు గెలవలేరని చెప్పి, ఆమె రాజీనామాకు దారితీశారు.

దెబ్బ తగిలినది వేరొకరికి. అందుకే డేవిడ్ స్టీల్ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలనుకుంటున్నాను. ఆయన 1965లోనే పార్లమెంటుకు ఎన్నికైనవాడు, గర్భస్రావ హక్కుకు సంబంధించిన 1967 నాటి చట్టాన్ని సభలో ప్రతిపాదించి నెగ్గించినవాడు, 1976 నుంచి లిబరల్ పార్టీకి నాయకుడు. విదేశాంగమంత్రిగా పనిచేసిన డేవిడ్ ఓవెన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీకి నాయకుడైనది 1983లో. ఆ రెండు పార్టీలు పొత్తు పెట్టుకున్నాయి. ఆ ఏడాది ఎన్నికల్లో ఆ కూటమికి నూటికి 25 పైగా ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 23 వచ్చాయి. అనుభవంలో, పార్టీ నాయకత్వంలో స్టీల్ పెద్ద. బొమ్మల్లో ఏం చేశారు? ఓవెన్‌కు నిండు మనిషి బొమ్మ చేశారు. స్టీల్‌కు అరచేయంత బొమ్మ చేసి, ఓవెన్ కోటు జేబులో పెట్టారు. ఓవెన్ గంభీరంగా ఏదో చెబుతుంటే, జేబులోంచి ఈ చిన్న బొమ్మ సన్నటి గొంతుతో అవునవునంటుంది, తన మాట కూడా వినమని బతిమాలుతుంది.

ఇది ముఖానికి సంబంధించిన వ్యంగ్యం కాదు. స్టీల్ ముఖంలో ఎగతాళి చేయదగ్గది పెద్దగా ఏమీ లేదు, నిజానికి ఆయన పొట్టివాడు కూడా కాదు. ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని కొలతగా మార్చారు, ఆ కొలత చూసినవారి కళ్ళల్లో ఉండిపోయింది. ఆ బొమ్మ తన ప్రతిష్ఠకు నష్టం చేసిందని స్టీల్ తరువాత బాహాటంగానే ఒప్పుకున్నాడు. ఒక మనిషిని క్రూరుడని చూపిస్తే అతను దాన్ని గర్వంగా మోయగలడు. నార్మన్ టెబిట్ అనే మంత్రిని తోలుకోటు వేసుకొని అందరినీ బాదే రౌడీగా చూపించినప్పుడు జరిగినది అదే. చిన్నవాడని చూపిస్తే మోయడానికి ఏమీ ఉండదు. తరువాత ప్రధాని అయిన జాన్ మేజర్‌ను తలనుంచి కాలిదాకా బూడిదరంగులో ముంచి, భార్యతో కలిసి బఠాణీలు తింటూ వాటి రుచిని మెచ్చుకోవడం తప్ప మరో మాట లేని మనిషిగా చూపించారు. అది కూడా ఈ రెండో రకం దెబ్బే.

బొమ్మ తలకిందులుగా పనిచేయడానికి ఫ్రాన్స్‌లో మరింత స్పష్టమైన ఉదాహరణ ఉంది. కనాల్ ప్లస్ ఛానల్‌లో 1988 నుంచి 2018 దాకా నడిచిన 'లే గిన్యోల్' అనే కార్యక్రమం రాత్రి వార్తల పద్ధతిలో ఉండేది, వార్తలు చదివేవాడూ బొమ్మే. 1995 అధ్యక్ష ఎన్నికల ముందు జాక్ షిరాక్ సొంత పార్టీలోని స్నేహితుడు ఎడువార్ బలదూర్ ఆయనకే పోటీగా నిలబడ్డాడు. కార్యక్రమంలో షిరాక్ బొమ్మ వీపు నిండా కత్తులు దిగి ఉండేవి, ఆ కత్తులతోనే నడుచుకుంటూ వచ్చి, ఆపిల్ పళ్ళు తినండని జనానికి చెప్పేవాడు. బలదూర్ బొమ్మ మాత్రం పై నుంచి కిందికి చూసే దొర. ఎగతాళి ఇద్దరికీ చేశారు, జాలి ఒకరికే దక్కింది. షిరాక్ గెలిచాడు. ఏడేళ్ళ తరువాత అదే బొమ్మకు ముసుగు వేసి, మహా అబద్ధాలకోరు అనే వీరుడిగా చూపించారు, ఆ ఎన్నికల్లో కూడా ఆయనే గెలిచాడు. నవ్వించే దుర్మార్గుడి మీద ప్రేక్షకుడికి ఒకలాంటి చనువు ఏర్పడుతుంది. కేతిగాణ్ణి మనం ఎప్పుడైనా అసహ్యించుకున్నామా?

ఇక రష్యా సంగతి. ఇది నవ్వుతూ చెప్పగలిగేది కాదు. 'కూక్లీ', అంటే బొమ్మలు, అనే కార్యక్రమం ఎన్‌టీవీ అనే ప్రైవేటు ఛానల్‌లో 1994లో మొదలైంది. ప్రధాన రచయిత విక్టర్ షెండెరోవిచ్. 1995లో దేశాధినేతలను దిక్కులేని బిచ్చగాళ్ళుగా చూపించినందుకు ప్రాసిక్యూటర్ జనరల్ క్రిమినల్ కేసు పెట్టాడు. ఆ కేసు తరువాత పోయింది, అప్పటి అధ్యక్షుడు యెల్త్సిన్ బొమ్మ ఆడుతూనే ఉంది. 2000 సంవత్సరం మొదట్లో పుతిన్‌ను హాఫ్‌మన్ రాసిన ఒక జర్మన్ కథలోని మరుగుజ్జుగా చూపించారు. ఆ కథలో ఒక దేవత జాలిపడి మరుగుజ్జు జుట్టు దువ్వుతుంది, అప్పటినుంచి జనానికి అతను అందగాడిగా కనిపిస్తాడు, ఇతరులు చేసిన మంచి పనులన్నీ అతని ఖాతాలో పడతాయి. బొమ్మలాటలో దేవత పాత్ర ఆ రోజుల్లో తెర వెనుక చక్రం తిప్పిన సంపన్నుడు బెరెజోవ్‌స్కీది.

ఇక్కడ కూడా గమనించండి. ఆ భాగంలో మరుగుజ్జు బొమ్మ పెద్దగా తప్పేమీ చేయదు. చుట్టూ చేరి అతని అందాన్ని పొగిడే దర్బారువాళ్ళ నడవడే అసలు విషయం. పుతిన్ చదువుకున్న సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు పెద్దలు కొందరు, ఆ కార్యక్రమం చేసినవారి మీద చర్య తీసుకోవాలని కోరుతూ పత్రికకు ఉత్తరం రాశారు. అంటే కథలోని దర్బారు తెర మీదనుంచి దిగి పత్రికలోకి నడిచివచ్చింది. తరువాత ఛానల్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు, ప్రభుత్వం వైపునుంచి తెలియజేసిన షరతుల్లో ఒకటి 'ప్రథమ వ్యక్తి' బొమ్మ, అంటే అధ్యక్షుడి బొమ్మ, కనిపించకూడదన్నది అని షెండెరోవిచ్ చెప్పాడు. వాళ్ళు ఆ షరతును అక్షరాలా పాటించారు. పది ఆజ్ఞల కథ ఆడారు. అధ్యక్షుడి కార్యాలయ అధిపతి మోషేగా కొండ దిగి వచ్చి ఆజ్ఞలు చదువుతాడు, దేవుడు మాత్రం కనిపించడు. ప్రభువైన దేవుడు అన్న రెండు రష్యన్ మాటల మొదటి అక్షరాలు కలిపితే, రహస్య పోలీసు శాఖకు అక్కడి జనం వాడే పొట్టి పేరు వస్తుంది. బొమ్మను తీసివేస్తే ఖాళీ చోటే బొమ్మ అయింది. కానీ ఆ గెలుపు ఒక్క వారానిదే. ఛానల్ యజమాని గూసిన్‌స్కీని అరెస్టు చేశారు, 2001 ఏప్రిల్‌లో ఛానల్ ప్రభుత్వ ఆధిపత్యంలోని గాజ్‌ప్రోమ్ అనే గ్యాస్ సంస్థ చేతికి వెళ్ళింది, 2002లో 'కూక్లీ' ఆగిపోయింది. బొమ్మ అన్న మాటకు బొమ్మకు శిక్ష వేయలేరు. దానికి కరెంటు, స్టూడియో, జీతం ఇచ్చే మనిషి మాత్రం దొరుకుతాడు.

ఈ ఆట ఇంకా చాలాచోట్లకు వెళ్ళింది. కెన్యాలో గాడో అనే కార్టూనిస్టు 2009లో 'ఎక్స్‌వైజెడ్ షో' మొదలుపెట్టాడు. మన దేశంలో ఎన్‌డీటీవీ ఇండియా హిందీ ఛానల్‌లో 'గుస్తాఖీ మాఫ్' పేరుతో నాయకుల బొమ్మలు కొన్నాళ్ళు కబుర్లు చెప్పుకున్నాయి. పేరులోనే తప్పు మన్నించమని అడిగిన ఆ కార్యక్రమం, లండన్ బొమ్మలతో పోలిస్తే చాలా మర్యాదస్తురాలు. తెలుగు ఛానళ్ళలో నాయకుల గొంతులు అనుకరించే మిమిక్రీ కళాకారులు బోలెడంతమంది ఉన్నారు. గొంతు అనుకరణ ఒక మనిషిని ఒంటరిగా చూపిస్తుంది. ఇద్దరు మనుషుల మధ్య దూరాన్ని, ఒకరి జేబులో మరొకరు కూర్చోవడాన్ని చూపించాలంటే బొమ్మలే కావాలి. మీలో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే చూడాలని నా కోరిక.

'స్పిటింగ్ ఇమేజ్' లోపాలు కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. చాలా వారాలు అందులో సగం దృశ్యాలు నిలబడవు. ఆలోచన తట్టనప్పుడల్లా శరీరాన్ని వెక్కిరించారు, ఆడవాళ్ళ విషయంలో మరీ ఎక్కువగా. 1986లో సెలవుల్లో తాగి ఆడే అర్థంలేని పాటలను ఎగతాళి చేస్తూ 'చికెన్ సాంగ్' అనే పాట కట్టారు. అది బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానంలో మూడు వారాలు నిలిచింది, తాగిన జనం దాన్నే పాడుకున్నారు. వెక్కిరించిన వస్తువుగానే మారిపోవడం అంటే అదే. 2020లో కొత్త నాయకుల బొమ్మలతో దాన్ని మళ్ళీ మొదలుపెట్టి రెండు విడతలు తీశారు. ముఖాలు బాగానే కుదిరాయి. నాకు మాత్రం వాటి మధ్య సంబంధాలు ఏవీ గుర్తులేవు, అందుకే అవి నిలవలేదని నా నమ్మకం.

రోజర్ లా తన దగ్గరున్న కాగితాలనూ బొమ్మలనూ 2018లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చాడు. థాచర్ బొమ్మ ఇప్పుడు అక్కడే ఉంది. లేటెక్స్ నురుగు మేకతోలులాంటిది కాదు. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో బొమ్మలవాళ్ళ ఇళ్ళలో తాతలనాటి తోలుబొమ్మలు ఇప్పటికీ దీపం ముందు నిలబడగలవు. ఈ రబ్బరు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, పగిలి, పొడిగా రాలిపోతుంది. దాన్ని కాపాడటం ఇప్పుడు అక్కడివారికి ఒక పెద్ద పని.

నా మాటలు ఇక్కడితో ఆపి, ఓవెన్, స్టీల్ బొమ్మలు కలిసి ఉన్న ఒక చిన్న దృశ్యం చూపిస్తాను. మాటలు వేగంగా ఉంటాయి, అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఓవెన్ ముఖం చూడకండి. కోటు జేబు దగ్గర, ఆ చిన్న బొమ్మ ఎప్పుడెప్పుడు తల ఎత్తుతుందో, ఎప్పుడు దించుతుందో, దాన్ని ఆడిస్తున్న వేళ్ళు ఎంత సన్నగా కదులుతున్నాయో చూడండి. వెనుక ఉన్నవారు దయచేసి దీపాలు ఆర్పండి.